టీనేజీ డిప్రెషన్: అసలు వైద్యం రెండో విజిట్‌లోనే

"డిప్రెషన్‌గా ఉంది సార్" అంటూ పదహారేళ్ల పిల్లాడు ఓపీకి రావడం అరుదు. తలనొప్పి అంటాడు. కడుపులో నొప్పి అంటాడు. పక్కన కూర్చున్న తల్లి "అన్నం సరిగ్గా తినట్లేదండీ, ఎప్పుడు చూసినా నీరసమే, ఏమన్నా అంటే విసుక్కుంటున్నాడు, బలానికి ఏదైనా రాయండి" అంటుంది. బయట బెంచీల మీద జ్వరాలవాళ్లు, దగ్గులవాళ్లు బారులు తీరి ఉంటారు. ఒక రక్తపరీక్ష, పదిరోజులకు బీ కాంప్లెక్స్ మాత్రలు, అద్దాలు అవసరమేమో కంటి డాక్టరుకి ఒకసారి చూపించమని ఒక సలహా. అయిదు నిమిషాల్లో చీటీ చేతికొస్తుంది. డాక్టరు నిర్లక్ష్యం చేశాడనీ అనలేం. చెప్పిన బాధకు మందు రాశాడు. చెప్పని బాధ పిల్లాడితో పాటే ఇంటికి వెళ్లిపోయింది.

ఈ పిల్లలు ముందుగా వచ్చేది మానసిక వైద్యుడి దగ్గరికి కాదు. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు, చిన్నప్పటినుంచీ చూస్తున్న పిల్లల డాక్టరు, వీధి చివర ఎంబీబీఎస్ క్లినిక్కు, కొన్ని ఊళ్లలో ఆర్‌ఎంపీ. దేశంలో మానసిక వైద్యుల సంఖ్య లక్ష జనాభాకు ఒకరు కూడా లేని స్థాయిలో ఉంది. ఉన్నవాళ్లలోనూ ఎక్కువమంది నగరాల్లోనే. పిల్లల మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లు మరీ తక్కువ. అందువల్ల టీనేజీ డిప్రెషన్‌ను ప్రైమరీ స్థాయిలో చూడవచ్చా, కూడదా అన్న చర్చకు మన దగ్గర పెద్దగా అర్థం లేదు. చూడాల్సిందే. ఎంతవరకు చూడాలి, ఎక్కడ ఆగి పై ఆస్పత్రికి పంపాలి అన్నవే అసలు ప్రశ్నలు.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. డిప్రెషన్ ఒక్కటే తీసుకుంటే 2.6 శాతం. మహానగరాల పిల్లల్లో మొత్తం సమస్యలు 13.5 శాతం కాగా, పల్లెల్లో 6.9. అయితే ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. ఇంటర్ కాలేజీలు, రెసిడెన్షియల్ క్యాంపస్‌లు, లాంగ్ టర్మ్ కోచింగ్‌లు ఇంత గట్టిగా అల్లుకుపోయిన రెండు రాష్ట్రాల పిల్లల లెక్క అందులో చేరలేదన్నమాట. ఆ అంకెలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

గుర్తుపట్టడం దగ్గరే మొదటి చిక్కు. పెద్దవాళ్లలో డిప్రెషన్ అంటే దిగులు ముఖం, కన్నీళ్లు. టీనేజీలో చాలాసార్లు అది కోపంగా బయటపడుతుంది. నిర్ధారణ ప్రమాణాలే ఈ వయసులో దిగులుకు బదులు చిరాకును లెక్కలోకి తీసుకోవచ్చని చెబుతాయి. తలుపు ధడాలున వేయడం, చెల్లెలి మీద అరవడం, "నన్నొదిలేయండి" అనడం. వీటిని ఇంట్లో పొగరు అంటారు, కాలేజీలో క్రమశిక్షణ లేకపోవడం అంటారు. ఆ వయసులో చిరాకు మామూలే కదా అంటే మామూలే. కాకపోతే రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఉండడం, దానితోపాటు ఇష్టమైనవి మానేయడం, నిద్ర తలకిందులు కావడం, చదివింది బుర్రకెక్కకపోవడం, "నేను దేనికీ పనికిరాను" అనే మాట పదేపదే రావడం మామూలు కాదు. క్రికెట్ కోసం అన్నం మానేసే పిల్లాడు బ్యాటు మూలన పడేస్తే, స్నేహితురాళ్లు ఇంటికొస్తే అమ్మాయి నిద్రపోతున్నట్టు పడుకుంటే, మార్కులకంటే అవే పెద్ద ఆనవాళ్లు. మార్కులు ఆలస్యంగా పడిపోతాయి. కష్టపడి చదివే పిల్లలు లోపల కుంగిపోతూ కూడా రెండు మూడు నెలలు ర్యాంకు నిలబెట్టుకుంటారు.

ఒంటి జబ్బులను పక్కనపెట్టమని కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. థైరాయిడ్ తక్కువైనా నీరసం, మందకొడితనం వస్తాయి. హీమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ చూడడం సబబే. చిక్కల్లా రిపోర్టు వచ్చాకే. హీమోగ్లోబిన్ 9 అని తేలగానే నీరసానికి కారణం దొరికిందనుకుని ఫైలు మూసేస్తారు. రక్తం తక్కువున్న అమ్మాయికి డిప్రెషన్ ఉండకూడదని ఎక్కడా లేదు. ఐరన్ మాత్రలు రాసిన చీటీ మీదే నిద్ర గురించి, మనసు గురించి నాలుగు ప్రశ్నలు కూడా అడగాలి.

ఆ నాలుగు ప్రశ్నలు తల్లిదండ్రుల ముందు అడిగి లాభం లేదు. మొత్తం వ్యవహారంలో పైసా ఖర్చు లేనిదీ, మన ఓపీల్లో బొత్తిగా జరగనిదీ ఇదే: పిల్లాడితో ఒంటరిగా మాట్లాడడం. "అమ్మా, ఈ వయసు పిల్లలందరితో అయిదు నిమిషాలు విడిగా మాట్లాడతాను, మీరు కాస్త బయట కూర్చోండి, మళ్లీ పిలుస్తాను." అందరితో అలాగే చేస్తానన్న మాట ముఖ్యం. లేకపోతే మా పిల్లాడిలో ఏం కనిపించిందో అని తల్లి కంగారుపడుతుంది, నన్నే ఎందుకు అని పిల్లాడు బిగుసుకుపోతాడు. తర్వాత గోప్యత సంగతి నిజాయితీగా చెప్పాలి: "నువ్వు చెప్పింది ఇంట్లో చెప్పను. నీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే, ఎవరైనా నీతో తప్పుగా ప్రవర్తించారని తెలిస్తే మాత్రం చెప్పక తప్పదు. అప్పుడు కూడా ముందు నీకు చెప్పే చేస్తాను." పూర్తి రహస్యం అని మాటివ్వకూడదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం డాక్టరుకు విధి.

మాట ఇల్లు, చదువు, స్నేహాలతో మొదలై మెల్లగా సిగరెట్టు, మందు, గంజాయి, ప్రేమ వ్యవహారాల వైపు వెళ్లి, చివరికి చావు ఆలోచనల దగ్గరికి రావాలి. ఈ వరుసకో కారణం ఉంది. సులువైనవి ముందు అడిగితే కష్టమైనవి చెప్పడానికి నోరు వస్తుంది. పీహెచ్‌క్యూ–9 అనే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి. మొత్తం 27 మార్కులు. 10 దాటితే గట్టిగా ఆలోచించాలి, 20 దాటితే తీవ్రం. టీనేజీ పిల్లలకు మార్చిన రూపం కూడా ఉంది. అమెరికాలో 12 ఏళ్లు దాటిన ప్రతి పిల్లనూ, పిల్లాణ్నీ ఏడాదికోసారి ఇలా పరీక్షించాలని ప్రైమరీ కేర్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ పద్ధతిని ఇక్కడ యథాతథంగా దించేయడం తొందరపాటే అవుతుంది. పట్టుబడిన పిల్లలను చూసే ఏర్పాటు లేకుండా వల వేస్తే మిగిలేది మార్కులు వేసిన కాగితాల కట్ట. అందరికీ కాకపోయినా, కారణం దొరకని తలనొప్పులు, కడుపునొప్పులు, నిద్రలేమితో మళ్లీ మళ్లీ వచ్చే పిల్లలకు ఆ కాగితం ఇవ్వడం ఏ పీహెచ్‌సీలోనైనా కుదిరే పని. మార్కు వచ్చినంత మాత్రాన నిర్ధారణ అయిపోదు. ఇక మాట్లాడాలి అని చెప్పడం వరకే దాని పని.

ఆ ప్రశ్నావళిలో తొమ్మిదోది చావు ఆలోచనల గురించి. చాలామంది డాక్టర్లకు నోరు రాని ప్రశ్న ఇదే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు మళ్లీ మళ్లీ తేల్చాయి. అడిగినప్పుడు చాలామంది పిల్లల్లో కనిపించేది ఊరట. అడగడంలో తెలివితేటలేమీ అక్కర్లేదు: "ఇలా ఉన్నప్పుడు కొంతమందికి ఎందుకు బతకడం అనిపిస్తుంది. నీకెప్పుడైనా అలా అనిపించిందా?" అవునంటే, ఎంత తరచుగా, ఎలాగని ఆలోచించాడా, ఇంతకుముందు ప్రయత్నించాడా, ఏం ఆపింది. పథకం ఉన్నా, ఇటీవల ప్రయత్నం జరిగినా ఆ పిల్లాణ్ని ఒంటరిగా పంపకూడదు. అదే రోజు జిల్లా ఆస్పత్రికో, మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగానికో తోడుతో పంపాలి. ఆలోచనలు మాత్రమే ఉంటే ఇంట్లో చేయాల్సినవి ఉన్నాయి. పొలం ఉన్న ఇళ్లలో పురుగుమందులు, అందరి ఇళ్లలోనూ మిగిలిపోయిన మాత్రలు తాళంలోకి వెళ్లాలి. తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. ఈ ఒక్క జాగ్రత్త వల్ల ప్రాణాలు నిలిచాయన్నది అనేక దేశాల అనుభవం. పిల్లాడితో కూర్చుని, మనసు బాగా చెడినప్పుడు ముందు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని ఒక కాగితం మీద వాడి చేతనే రాయించాలి. అందులో ఉండాల్సిన ఒక నంబరు టెలీ మానస్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ ఉచిత సేవ పగలూ రాత్రీ నడుస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక చికిత్స. తక్కువ స్థాయి డిప్రెషన్‌కు మాత్ర వద్దు. ఈ విషయంలో బ్రిటన్ నైస్ మార్గదర్శకాలకూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంహెచ్‌గ్యాప్ గైడుకూ పేచీ లేదు. మందు రాయకపోతే చేసేదేముంది అనుకుంటే పొరపాటు. నిద్రవేళలు సరిచేయడం, మానేసిన పనుల్లో ఒకటి రెండు మళ్లీ మొదలుపెట్టించడం, తల్లిదండ్రులకు ఇది బద్ధకం కాదని, మందలిస్తే పోయేది కాదని వివరించడం, రెండు వారాల్లో మళ్లీ చూడడం కూడా చికిత్సే. బ్రిటన్‌లో 465 మంది టీనేజీ పిల్లలతో నడిచి 2017లో వెలువడిన ఇంపాక్ట్ ట్రయల్‌లో ఒక గుంపుకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స), ఇంకో గుంపుకు మనోవిశ్లేషణ, మూడో గుంపుకు ఇలాంటి మామూలు, క్రమబద్ధమైన తోడ్పాటు ఇచ్చారు. మొదటి రెండూ మూడోదానికంటే మెరుగని తేలలేదు. అక్కడ ఆ తోడ్పాటు ఇచ్చింది శిక్షణ పొందిన మానసిక ఆరోగ్య సిబ్బంది, మన ఓపీ అంత రద్దీ వాళ్లకు లేదు. అయినా థెరపిస్టులు లేనిచోట చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదని చెప్పడానికి ఆ ఫలితం చాలు. గోవా పీహెచ్‌సీల్లో పెద్దవాళ్ల డిప్రెషన్ మీద జరిగిన ట్రయల్‌లో మానసిక వైద్యంలో డిగ్రీల్లేని స్థానిక కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది విడతల మాటలతో మంచి ఫలితాలు చూపించారు. అదీ 2017లోనే.

మధ్యస్థం, తీవ్రం అయితే మందు ప్రస్తావన వస్తుంది. ఇక్కడ ఎక్కువసార్లు ఉదహరించే అధ్యయనం అమెరికాలోని టాడ్స్. 12–17 ఏళ్ల 439 మంది, 2004 ఫలితాలు. పన్నెండు వారాల తర్వాత ఫ్లూయాక్సెటీన్ అనే డిప్రెషన్ మందు, థెరపీ కలిపి ఇచ్చినవాళ్లలో 71 శాతం, మందు ఒక్కటే వాడినవాళ్లలో 61, థెరపీ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 43, ఉత్తి మాత్ర మింగినవాళ్లలో 35 శాతం మెరుగుపడ్డారు. చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. మందే లేని మాత్రతో మూడింట ఒక వంతు మందికి పైగా బాగుపడ్డారంటే, ఆ పన్నెండు వారాలూ ఎవరో ఒకరు క్రమం తప్పకుండా పిలిచి, కూర్చోబెట్టి, ఎలా ఉన్నావని అడగడం దానికి ఒక కారణం. కాలంతో పాటు దానంతటదే తగ్గిన భాగమూ అందులో ఉంటుంది. ఆ పలకరింపు వాటా మాత్రం తీసిపారేయదగ్గది కాదు.

మందుల్లో ఈ వయసుకు గట్టి ఆధారం ఉన్నది ఫ్లూయాక్సెటీన్‌కే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని 8 ఏళ్లు దాటినవాళ్లకు, 2009లో ఎస్సిటలోప్రామ్‌ను 12 ఏళ్లు దాటినవాళ్లకు అనుమతించింది. రెండూ మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి, ఖరీదైనవీ కావు. ఎంహెచ్‌గ్యాప్ గైడు 12 ఏళ్లలోపు పిల్లలకు డిప్రెషన్ మందులు వద్దంటుంది. ఆ పైవాళ్లకు మాటల చికిత్స ఫలించకపోతే స్పెషలిస్టు పర్యవేక్షణలో ఫ్లూయాక్సెటీన్ అంటుంది. కాబట్టి పీహెచ్‌సీ డాక్టరు సొంతంగా మొదలుపెట్టడం కంటే, జిల్లా ఆస్పత్రి మానసిక వైద్యుడితో ఫోన్‌లోనైనా మాట్లాడి మొదలుపెట్టడం మంచిది. సాధారణంగా 10 మిల్లీగ్రాములతో ఆరంభించి, ఒకటి రెండు వారాల్లో 20కి పెంచుతారు. ముందుగా ఒక ప్రశ్న తప్పనిసరి: కుటుంబంలో ఎవరికైనా, ఈ పిల్లాడికి ఎప్పుడైనా, నిద్ర అక్కర్లేనంత హుషారు, గొప్పలు, విపరీతమైన ఖర్చులు ఉండేవా? బైపోలార్ (మితిమీరిన హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) జాడ ఉంటే ఈ మందు వికటించవచ్చు.

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే పొరపాటు వేరే ఉంది. నిద్ర పట్టట్లేదంటే అల్ప్రాజోలామ్, తలనొప్పి అంటే అమిట్రిప్టిలిన్ అనే పాతతరం డిప్రెషన్ మందు. మొదటిది అలవాటు చేస్తుంది, కుంగుబాటును తగ్గించదు. రెండోది టీనేజీ డిప్రెషన్‌కు పనిచేస్తుందన్న ఆధారం బలహీనం, మోతాదు మించితే గుండెకు ప్రమాదం. చావు ఆలోచనలు ఉండే అవకాశమున్న పిల్లాడి ఇంట్లో నెలకు సరిపడా అమిట్రిప్టిలిన్ మాత్రలు పెట్టడం ఏ రకంగా చూసినా తెలివైన పని కాదు.

2004లో ఎఫ్‌డీఏ డిప్రెషన్ మందుల సమాచార పత్రాల్లో నల్లగీతల చట్రంలో ఒక హెచ్చరిక వేయించింది. 24 ట్రయల్స్ కలిపి చూస్తే ఆత్మహత్య ఆలోచనలు, ప్రవర్తన మందు వాడినవాళ్లలో 4 శాతం, ఉత్తి మాత్రవాళ్లలో 2 శాతం. ఆ ట్రయల్స్‌లో ఒక్క ఆత్మహత్య కూడా జరగలేదు. 2007లో హెచ్చరికను 24 ఏళ్ల వయసు వరకు పొడిగించారు. తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో ఇది చదివి మాత్రలు ఆపేస్తారు, కొందరు డాక్టర్లు అదే భయంతో అసలు రాయరు. హెచ్చరిక చెప్పేది మందు వద్దని కాదు. మొదలుపెట్టిన తొలి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ దగ్గరగా కనిపెట్టి ఉండమని. కొత్తగా అస్థిమితం, కుదురులేకపోవడం, రాత్రంతా తిరగడం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయమని చెప్పాలి. ఇంకో సంగతి కూడా మొదటి రోజే చెప్పి పంపాలి: గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కడుపులో తిప్పడం, తలనొప్పి లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. ఇది తెలియని ఇళ్లలో పదో రోజుకల్లా "ఈ మందు పడలేదు" అన్న తీర్పు వచ్చేస్తుంది.

అందుకే మాత్ర రాయడం కంటే మళ్లీ రప్పించడం పెద్ద పని. మొదటి నెల వారానికోసారి, తర్వాత రెండు వారాలకోసారి. మన ఓపీ పద్ధతి దీనికి పూర్తిగా అడ్డం తిరుగుతుంది. "తగ్గకపోతే రండి" అని పంపడం మన అలవాటు. డిప్రెషన్‌లో ఉన్న పిల్లాడికి తగ్గకపోతే రావాలనే అనిపించదు. ఆ జబ్బు లక్షణమే అది. రావాల్సిన తేదీ చీటీ మీద రాసి, రాకపోతే క్లినిక్కు నుంచే ఫోన్ వెళ్లాలి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్రైమరీ కేర్ క్లినిక్కుల్లో 101 మంది టీనేజీ పిల్లలతో చేసి 2014లో వెలువరించిన అధ్యయనంలో తేడా తెచ్చింది కొత్త మందేమీ కాదు. ఒక ఉద్యోగిని ఈ పిల్లలకోసమే కేటాయించి, ఆమె ఫోన్ చేయడం, మాట్లాడడం, మానసిక వైద్యుడితో వారంవారం చర్చించి డాక్టరుకు చెప్పడం. ఏడాది తిరిగేసరికి అలాంటి ఏర్పాటు ఉన్న గుంపులో 68 శాతం మంది మెరుగుపడ్డారు, మామూలుగా వదిలేసిన గుంపులో 39 శాతం.

మన దగ్గర ఆ ఉద్యోగిని ఎవరు? పేరుకు చాలామంది ఉన్నారు. 1980ల్లో బళ్లారి జిల్లాలో నిమ్‌హాన్స్ పీహెచ్‌సీ డాక్టర్లకు, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఈ పని చేయించవచ్చని చూపించింది. 1996 నాటి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆ అనుభవం మీద కట్టిందే. 2014లో వచ్చిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10–19 ఏళ్ల పిల్లలకు విడిగా క్లినిక్కులు, తోటి పిల్లల్లోంచే శిక్షకులు ఉండాలంది. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని పెద్దవాళ్లను పీహెచ్‌క్యూ–9తో పరీక్షించిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రయోగం జరిగింది. అదే దారిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ విజయవాడ, ఢిల్లీ మురికివాడల్లో టీనేజీ పిల్లల కోసం ఆర్టెమిస్ అధ్యయనం చేపట్టింది. పనిచేయించే మార్గాలు తెలియకపోవడం కాదు సమస్య. ఆశా మీద ఇప్పటికే గర్భిణులు, టీకాలు, టీబీ, సర్వేల బరువు ఉంది. దాని మీదే ఇదీ వేసి, జీతంలో గానీ సమయంలో గానీ చోటివ్వకపోతే, ఫోన్ వెళ్లదు.

హాస్టల్ పిల్లల సంగతి ఇంకా చిక్కు. పిల్లాడు డాక్టరు దగ్గరికి వచ్చేది దసరాకో సంక్రాంతికో ఇంటికొచ్చినప్పుడు. నాలుగో రోజు క్యాంపస్‌కు తిరుగుప్రయాణం. వారం తిరక్కుండా రెండో విజిట్ అంటే ఔటింగ్ దొరకదు. మాత్రలు పెట్టెలో దాచుకోవాలా, వార్డెన్ చేతికివ్వాలా? పెట్టెలో ఉంటే నెల మాత్రలు ఒక్కచోట ఉండడం ప్రమాదం, వార్డెన్ చేతికిస్తే సెక్షన్ మొత్తానికి తెలిసిపోతుందని భయం. తెలిసిన డాక్టర్లు చేసేదొకటుంది: మాత్రలు తక్కువ మొత్తంలో రాసి, క్యాంపస్‌లో నమ్మదగిన ఒక్క వ్యక్తిని, లెక్చరరో నర్సో, పిల్లాడినే ఎంచుకోమని, తల్లిదండ్రుల ఒప్పుదలతో ఆ ఒక్కరికే జబ్బు పేరు అవసరం లేకుండా "రోజూ ఉదయం ఈ మాత్ర వేసుకున్నాడా చూడండి, ఇలా ఇలా కనిపిస్తే నాకు ఫోన్ చేయండి" అని చెప్పడం. వారపు విజిట్ ఆదివారం ఫోన్‌లో. తీవ్రంగా ఉన్నవాళ్లను మాత్రం తిరిగి పంపకూడదు. "ఎప్‌సెట్ అయ్యాక చూపిద్దాం" అనే తండ్రికి ఆ మాట గట్టిగా చెప్పగలిగేది ఆ ఇంటి డాక్టరే.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీం కోర్టు 2025 జులై 25న దేశమంతటికీ 15 మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలన్నది వాటిలో ఒకటి. ఇది అమలైతే క్యాంపస్‌లో డాక్టరు ఫోన్ ఎత్తే మనిషి ఒకరు దొరుకుతారు. అయితే ఆ కౌన్సెలరు యాజమాన్యం ఉద్యోగి. పిల్లాడు చెప్పింది ప్రిన్సిపాల్ గదికి చేరుతుందన్న అనుమానం ఉన్నంతకాలం కుర్చీ ఉంటుంది గానీ ఎదురుగా కూర్చునే పిల్లలు ఉండరు.

ఆరు వారాలకు ఏమాత్రం గుణం లేకపోయినా, మొదటినుంచే భ్రమలు, అనుమానాలు, బైపోలార్ లక్షణాలున్నా, మత్తు అలవాటు ముదిరినా కేసు పైకి వెళ్లాలి. వెళ్లాక కూడా ప్రైమరీ డాక్టరు పని అయిపోదు. పైనుంచి రాసి పంపిన మందు ఇంట్లో వేస్తున్నారా లేదా అన్నది తెలిసేది కిందనే.

ఇక బాగుపడ్డాక. పిల్లాడు నవ్వుతూ తిరుగుతుంటే మందెందుకని ఇంట్లో ఆపేస్తారు. పూర్తిగా కోలుకున్నాక ఆరు నెలల నుంచి ఏడాది వరకు కొనసాగించి, ఆపైన మోతాదు నెమ్మదిగా తగ్గిస్తూ రావాలి. ఆ తగ్గింపు పబ్లిక్ పరీక్షలు, రిజల్ట్సు వచ్చే మార్చి నుంచి జూన్ మధ్యలో పెట్టకుండా చూసుకోవాలి. మొత్తం ఆపాక కూడా నెలకోసారి పీహెచ్‌క్యూ, కొత్త కాలేజీలో చేరుతుంటే అక్కడి ఊళ్లో చూపించుకోవాల్సిన డాక్టరుకు ఒక ఉత్తరం.